నాలుగు రేగుపండ్లు, మూడు బత్తాయి పిందెలు

మోడళ్ల పెట్టెను ఎలుకలు కొరికినయి.
దేవరకొండ డిగ్రీ కాలేజీకి కొత్తది రావాలంటే
ఇండెంటు కాయితం
మూడు బల్లల మీద నిద్రపోయి లేవాలె.
అందుకని అటెండర్ సైదులు
జేబుల నుంచి రేగుపండ్లు తీసిండు,
మూలకున్న చీపురును అడిగి
ఆరు పుల్లలు ఇరిచిండు.

నాలుగు పండ్లు, ఆరు పుల్లలు:
తెల్ల భాస్వరం.
ఒక్కోదానికి మూడు చేతులు.
అరవై డిగ్రీల ఇరుకుల
నలుగురూ ఒకరినొకరు పట్టుకొని,
అంగడినాటి ఆటోల కూసున్నట్టు.
ఎవరికీ సుఖం లేదు, ఎవరూ దిగరు.
గాలి తగిలితే మండుతది,
అందుకే నీళ్లల్ల దాస్తరు, అన్న.

"నీళ్లల్ల సల్లగుంటదా సార్?"
సైదులు అడిగిండు.
మెడ తిప్పలేదు. అతనికి మెడ తిరగదు,
మనిషి మొత్తం తిరగాలె.

నేను పాఠంలనే ఉన్న.
ఇప్పుడు చూడుండ్రి పిల్లలూ,
ఒక కొసను పట్టుకున్న మూడు పుల్లలను మధ్యల తుంచుతున్న.
తుంచిన చోట ఒక్కో సెలీనియం.
బండి కింద రాలిన బత్తాయి పిందెలు తెచ్చినవా సైదులూ?
భాస్వరం కన్న అది లావు, చేతులు రెండే.
ఒక చెయ్యి పైనున్నోనికి, ఒక చెయ్యి కిందోనికి.
కింద ముగ్గురు మాత్రం ఇంకా అదే ఇరుకుల,
త్రికోణం కట్టుకొని.
పైవాడొక్కడే ఊపిరి పీల్చుకున్నడు.
పంజరమైతే అయింది గాని
ఇదివరకటి లెక్క ఊరికే మండదు.
మధ్యన మెత్తటి మనిషి వచ్చి కూసుంటే
తగాద ఎట్ల తగ్గుతదో అట్ల.

ఒక పిల్ల నవ్వింది. రాసుకోలేదు.

నేనూ ఒకప్పుడు ఈ బంధాల పొడుగు కొలిచిన.
నాలుగేండ్లు, హైదరాబాదుల.
కుళ్లిన ముల్లంగి వాసన అంగీకి పట్టి
నల్లగొండ బస్సుల నా పక్క సీటు
చింతపల్లి దాటినా ఖాళీగనే ఉండేది.
నూరు సెలీనియాలల్ల
ఏడో ఎనిమిదో మాత్రమే యంత్రం ముందు నోరు విప్పుతయి.
తక్కినయన్ని మౌనం.
పెద్ద శిఖరానికి అటొకటి ఇటొకటి
పొట్టి గీతలు,
ఆ రెండిటి నడుమ దూరం కొలిస్తే తెలుస్తది
ఎవరు ఎవరిని ఎట్ల పట్టుకున్నరో.
ఆ పొట్టి గీతల కోసం
రాత్రంతా మేల్కొని కూసునేటోన్ని.
సైదులు లాంటోళ్లను
ఎన్నడైనా అట్ల విన్ననా?

గంట కొట్టిండ్రు. పిల్లలు పోయిండ్రు.
సైదులు బీకర్లు కడుగుకుంట అన్నడు,
"బొక్కలల్ల గూడ భాస్వరమే ఉంటదంటిరి గద సార్.
దాన్ని గూడ నీళ్లల్లనే దాస్తిమి.
మా మర్రిగూడెం దిక్కు
ముప్పై ఏండ్లు దాస్తిమి."

సుద్దముక్క చేతులనే ఉండిపోయింది.
చెప్పిన, చెప్పాల్సింది గనుక:
బొక్కల భాస్వరం ఏం తప్పు చెయ్యలేదు సైదులూ.
దాని చుట్టూ నాలుగు ఆక్సిజన్లు
ఎప్పటోలెనే ఉన్నయి, ఒక్కటీ చెయ్యి వదల్లే.
పక్కన ఇంకో జాగ ఉంటది,
హైడ్రాక్సిల్ కూసునే జాగ.
బోరునీళ్లల్ల వచ్చిన ఫ్లోరైడు
సరిగ్గ అండ్లనే కూసుంది.
బాగ ఇమిడింది, ఇక లేవదు.
గట్టిపడుడే రోగం.

"అంటే మంచిగనే కలిసిపోయిందన్నట్టు,"
అన్నడు సైదులు.
నవ్విండో లేదో,
నాకు అతని ఈపే కనబడుతుంది.

తర్వాత మనిషి మొత్తం తిరిగి
బల్ల మీది పంజరాన్ని రెండు చేతుల ఎత్తిండు.
నాలుగు పండ్లు, మూడు పిందెలు,
రేపు రెండో సెక్షనుకు గూడ పనికొస్తది,
రాత్రికి వడలొద్దని
పెద్ద బీకర్ల పెట్టిండు.
నల్లా దిక్కు పోయిండు. ఆగిండు.
అల్మారా తీసి
డిస్టిల్డ్ వాటర్ డబ్బా దించి
మునిగేదాక పోసిండు.